పద్దెనిమిది మిల్లీమీటర్లు

మొదట పసుపు.
చేదుబాదం వాసనేసే శాలిసిలాల్డిహైడ్
ఎమీన్‌తో కలిసి ఆల్కహాల్లో మూడు గంటలు మరిగితే
చల్లారాక ఫ్లాస్కు అడుగున పసుప్పచ్చ సూదులు.
లైగాండ్ అంటాం దాన్ని.
రెండు కొండీల ఎండ్రకాయ అనుకోండి,
లోహం దొరికిందా, ఇక వదలదు.

రాగి ఎసిటేటు చుక్క చుక్కగా వదిలాను.
పసుపు ఒక్క క్షణం తటపటాయించి
ఉడికిన గోంగూర రంగుకు తిరిగింది.
కోబాల్టుది కాఫీపొడి. నికెల్‌ది ఎండిన వేపాకు.
జింకుకు రంగే రాలేదు, సున్నపు తేటలా ఊరుకుంది.
(ఇలా రాసేస్తే తేలిగ్గా జరిగిందనిపిస్తుంది.
తిరుపతి మే నెలలో, నాలుగో గంట మరుగులో
కరెంటు పోయి, కండెన్సర్లో నీళ్ళాగి,
ఆల్కహాలంతా గదిలోకి ఆవిరైన రోజులు
పదకొండు.
నోట్సులో వాటికి తారీఖులు మాత్రమే ఉన్నాయి.)

పట్టిందో లేదో కంటికి తెలియదు.
గ్రాఫులో ఒక లోయ
పదహారు వందల ఇరవై దగ్గర ఉండాల్సింది
పదహారు వందలకు జారింది.
మా గైడు కళ్ళజోడు పైకి నెట్టి "పట్టింది" అన్నారు.
అంతకు మించి పొగడరాయన.

బూజులు రెండు.
ఒకటి, పీలేరు సంతలో కొన్న విత్తనపు శెనక్కాయల మీద
తడిగుడ్డ కప్పి నేనే పెంచిన నలుపు.
రెండోది, పెద్దాసుపత్రి చర్మం డిపార్టుమెంటులో
బతిమాలి తెచ్చుకున్న తామర.
మన భాష ఎంత పొదుపరి!
నీళ్ళలో పూసేదీ తామరే
ఒంటి మీద పూసేదీ తామరే.
రెంటికీ తడి కావాలి, అంతే.

ఉర్లగడ్డ గంజి, చక్కెర, అగరు.
మా హాస్టలు మెస్సు కంటే శుభ్రంగా వండి పెట్టాను వాటికి.
నడుమ నా గోంగూర మందు తాగిన కాగితపు బిళ్ళ.
పక్క పళ్ళేల్లో
ఉత్త పసుపు ఒకదానికి, ఉత్త రాగి ఒకదానికి,
ఏ మందూ కలపని ద్రావకం ఒకదానికి,
ఊరంతా అమ్మే క్లోట్రిమజోల్ ఒకదానికి.

ఏడో రోజు పొద్దున
తామర తెల్లటి నూగై పళ్ళెమంతా పరుచుకుని
బిళ్ళ దాపుల్లో ఆగిపోయింది,
గీత గీసినట్టు.
స్కేలు పెట్టాను. పద్దెనిమిది.
ఉత్త పసుపుకు తొమ్మిది. ఉత్త రాగికి ఏడు.
కూడితే పదహారే.
పట్టుకుంటే పద్దెనిమిది.
జింకు సున్నా.

గ్లాసుసామాను కడిగే మొగిలమ్మ
నా భుజం వెనక నిలబడి చూస్తోంది.
"ఆ గుండ్రంలో ఏముంది మా?"
ఏమీ లేదు మొగిలమ్మా.
"ఏమీ లేంది కొలస్తా ఉండావా!"
నవ్వి, పళ్ళెం పక్కన తన చెయ్యి పెట్టింది.
గాజుల కింద, మణికట్టు చుట్టూ
ఎర్రటి అంచు, నడుమ మామూలు చర్మం.
పళ్ళెంలో బూజు ఆగిన చోట వలయం.
చేతి మీద బూజు సాగుతున్న చోట వలయం.
ఆరేళ్ళుగా నా బీకర్ల నీళ్ళు
ఎవరి వేళ్ళ సందుల్లోంచి సింకులోకి పోతున్నాయో
నేను కొలవలేదు.

"ఆ పచ్చమందు ఇంత పుయ్యి మా. గోకి గోకి నిద్ర లేదు."
పుయ్యకూడదని చెప్పాను.
ఎలుక మీదే చూడలేదని,
మనిషి దాకా రావాలంటే ఎన్నేళ్ళో నాకే తెలియదని,
రాకనే పోవచ్చని.
మరింకెందుకు చేస్తా ఉండావని అడగలేదు.
అడిగుంటే బాగుండేది.

క్లోట్రిమజోల్ పళ్ళెం కొలవడం మిగిలింది.
ఇరవై ఆరు.

సాయంత్రం యూనివర్సిటీ గేటు ఎదుటి మందులషాపులో
నన్ను ఓడించిన మందు ట్యూబొకటి,
జత రబ్బరు తొడుగులు కొన్నాను.
నాలుగు వారాలు, ఎరుపు తగ్గినా ఆపొద్దన్నాను.
తలూపింది.
గాజులు తీసి తుడుచుకోమంటే మాత్రం మొహం తిప్పుకుంది.
తొడుగులు మగవాళ్ళ సైజువే దొరికాయి.

గైడుకు చూపించే పట్టికలో
పద్దెనిమిదికి ఎదురుగా "మంచి చర్య" అని రాశాను.
కిటికీ గడియకు, కొండకు అడ్డంగా,
ఖాళీ వేళ్ళతో వేలాడుతూ
తొడుగులు ఇంకా నీళ్ళోడుతున్నాయి.